పాత ఐపాడ్‌ను కంప్యూటరు గుర్తింపనప్పుడు

2001వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ఆపిల్ సంస్థ లోకమునకు చూపిన తొలి ఐపాడ్‌లో 5 గిగాబైట్ల హార్డ్ డిస్కు ఉండెను. అరచేత ఇమిడిన ఆ చిన్న పెట్టెలో సుమారు వేయి పాటలు పట్టుట ఆనాటి శ్రోతలకు మహాశ్చర్యము. కాలక్రమమున సెల్‌ఫోనే పాటలపెట్టెగా మారుటచే, 2014లో క్లాసిక్ నమూనా విక్రయము ఆగి, 2022 మే నెలలో ఐపాడ్ టచ్ నిలిపివేతతో ఆ వంశమే ముగిసినది. అయినను, తండ్రిగారి క్యాసెట్ల నుండి ఓపికతో ఎక్కించుకొన్న ఘంటసాల పాటలు గాని, నేడు ఎక్కడను దొరకని నాటకపద్యములు గాని ఆ పెట్టెలోనే మిగిలియున్న ఇండ్లు ఇప్పటికిని కలవు. అట్టి ఇంట ఒకనాడు దానిని వెలికితీసి కంప్యూటరునకు తగిలించినప్పుడు, తెరపై ఏ గుర్తును కనబడకపోవుటయో, లేక డిస్కును ఫార్మాట్ చేయవలెనా అను ప్రశ్న ఎదురగుటయో సంభవించును.

పాఠకులకు ముందుగా విన్నవింపదలచినది ఒక్కటే: కంప్యూటరు గుర్తింపకపోవుట వేరు, పాటలు నశించుట వేరు. దోషము తరచుగా పెట్టెకును కంప్యూటరునకును నడుమగల మార్గమున ఉండును గాని, పాటలు నిలువయున్న డిస్కున ఉండదు. కావున పరీక్ష వెలుపలి నుండి లోనికి సాగవలెను. పాటలు భద్రముగా మరియొకచోట చేరువరకు, చెరిపివేయు ఆజ్ఞ దేనికిని సమ్మతింపరాదు.

మొదట అనుమానింపవలసినది కేబులును. ఐపాడ్‌కు వాడు యూఎస్‌బీ కేబులులో ముఖ్యమైన తీగెలు నాలుగు. వానిలో రెండు విద్యుత్తును, తక్కిన రెండు సమాచారమును మోయును. సమాచారపు తీగె ఒకటి తెగినను, లేక చౌకగా అమ్ముడగు కొన్ని కేబుళ్లలో వలె ఆ తీగెలు మొదటినుండియు లేకున్నను, విద్యుత్తు మాత్రము నిరాటంకముగా ప్రవహించుటచే ఐపాడ్ తెరపై ఛార్జింగు గుర్తు కనబడుచునే యుండును. ఆ గుర్తును చూచి కేబులు బాగుగనే యున్నదని నమ్మినవారు, దోషమును లేనిచోట వెదకుచు కాలము గడుపుదురు. ఇరుగుపొరుగువారి వద్ద మరియొక కేబులు అడిగి తెచ్చి చూచుట అన్నిటికంటె సులభమైన పరీక్ష. హబ్బును తొలగించి నేరుగా కంప్యూటరు పోర్టునకే తగిలింపవలెను. 2003 నుండి వచ్చిన పెక్కు నమూనాల అడుగున గల 30 పిన్నుల రంధ్రములో జేబులోని నూలుపీచు చేరి గట్టిపడుట కద్దు. దానిని పొడిగా నున్న మెత్తని బ్రష్షుతో తీయవలెనే గాని సూదితో గీకరాదు. తొలి రెండు తరముల ఐపాడ్‌లు ఫైర్‌వైర్ అను వేరొక మార్గముననే పాటలను స్వీకరించునవి. 2005 నాటి వీడియో ఐపాడ్‌కు ఆ ఫైర్‌వైర్ ఛార్జింగునకు తప్ప పనికిరాదు. చేతనున్నది ఏ తరమునకు చెందినదో తెలిసికొనకుండ కేబులు కొనుట వ్యర్థవ్యయము.

ఏండ్ల తరబడి సొరుగులో పడియున్న లిథియం అయాన్ బ్యాటరీ, వాడకున్నను మెల్లమెల్లగా క్షీణించును. అట్టి ఐపాడ్‌ను గోడ ఛార్జరునకు తగిలించి, తెర వెంటనే వెలుగకున్నను, కొన్ని గంటలు కనిపెట్టి యుండవలెను. కాని వెనుకరేకు ఉబ్బినట్లు తోచినచో ఛార్జింగు తక్షణమే మానవలెను. ఉబ్బిన బ్యాటరీని గుచ్చినను వంచినను మంట లేచు ప్రమాదము కలదు.

ఇంతవరకు దోషము దొరకనిచో, యంత్రమును పునఃప్రారంభింపవలెను. క్లిక్ వీల్ గల క్లాసిక్ తరహా ఐపాడ్‌లలో హోల్డ్ మీటను ఒకసారి వేసి తీసి, మెనూ బటన్‌ను నడిమి బటన్‌ను కలిపి 6 నుండి 8 సెకన్లు, ఆపిల్ గుర్తు కనబడువరకు నొక్కిపట్టవలెను. ఆ గుర్తు కనబడిన మరుక్షణమే వానిని విడిచి, నడిమి బటన్‌ను ప్లే బటన్‌ను కలిపి పట్టినచో డిస్క్ మోడ్ అను స్థితి వచ్చును. క్లిక్ వీల్‌కు పూర్వపు మూడు తరములలో మెనూ, ప్లే బటన్లు కలిపి పునఃప్రారంభించి, గుర్తు కనబడగనే ముందు పాట, తరువాతి పాట బటన్లను పట్టవలెను. ఈ స్థితి యొక్క ప్రయోజనము గొప్పది: పాటల పట్టికను చదివి వినిపించు తన నిత్యకృత్యమును ఐపాడ్ పక్కనబెట్టి, కేవలము ఒక డిస్కుగా కంప్యూటరు ఎదుట నిలుచును, పట్టిక చెడియుండుటచే లేవలేకపోవు యంత్రము సైతము పలుమారు ఈ దారిన పలుకును.

అప్పటికిని కనబడకున్నచో కంప్యూటరు వైపు చూడవలెను. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచినచో, ఐపాడ్ అక్కడ ఉండియు డ్రైవ్ అక్షరము లేక మరుగునపడి యుండవచ్చును. ఖాళీగా నున్న అక్షరమొకటి కేటాయించినంతనే బయటపడును. మ్యాక్ కంప్యూటరుపై సిద్ధపరచిన ఐపాడ్ డిస్కు అమరికను విండోస్ తనంతట తాను చదువలేదు. ఫార్మాట్ చేయుమని అడుగుటకు ఇదియొక కారణము. అచ్చట వద్దనియే చెప్పి, పెట్టెను మ్యాక్ వద్దకు తీసికొనిపోవలెను. 2019 నాటి కాటలీనా అను మ్యాక్ వ్యవస్థ మొదలుకొని మ్యాక్‌లో ఐట్యూన్స్ లేదు. ఐపాడ్ ఫైండర్ కిటికీ పక్కపట్టీలో కనబడును.

ఐపాడ్ డిస్కుగా తెరచుకొన్న తరువాత పాటలు కనబడలేదని దిగులుపడనక్కరలేదు. దాచబడిన ఫైళ్లను చూపు ఏర్పాటు చేసినచో, ఐపాడ్ కంట్రోల్ అను ఫోల్డరులోని మ్యూజిక్ విభాగమున అవియన్నియు ఉండును. పేర్లు మాత్రము అర్థరహితములైన నాలుగు అక్షరములుగా మారియుండును. అయినను పాట శీర్షిక, గాయకుని నామము ముందే నమోదైయున్నచో అవి ఫైలు లోపలనే యుండుటచే, ఆ ఫోల్డరును యథాతథముగా కంప్యూటరులోనికి నకలుచేసి ఏదైన పాటల ప్రోగ్రాములో చేర్చినంతనే తిరిగి కనబడును.

లోపలినుండి టిక్కు టిక్కుమను శబ్దము పదేపదే వినవచ్చినచో 1.8 అంగుళముల ఆ డిస్కే శిథిలమగుచున్నదని గ్రహించి, ప్రయత్నములు ఆపి, డిస్కుల నుండి సమాచారమును వెలికితీయు నిపుణునకు అప్పగింపవలెను. పాటలు చేతికి వచ్చిన తరువాతనే, డిస్కును చెరిపి కొత్తగా సిద్ధపరచు రీస్టోర్ ప్రసక్తి. అరిగిన బ్యాటరీని మార్చవచ్చును. డిస్కు స్థానమున మెమరీ కార్డు అమర్చు అడాప్టర్లును దొరకుచున్నవి. మీ ఇంట అట్టి ఐపాడ్ ఉన్నచో, అది మ్రోగుచున్నను సరే, ఈ వారమే దానిలోని పాటలను రెండు వేర్వేరు చోట్ల నకలుచేసికొనుడు.