ముళ్లబంతి ఒక్క పువ్వేనా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బీళ్లలో, బాటల పక్కన పెరిగే ముళ్లమొక్క బ్రహ్మదండి. కొమ్మ చివర గుండ్రటి బంతి కనిపిస్తుంది. అది ఒక్క పువ్వా? కాదు. ఇదే దీని అసలు అందం! పొద్దుతిరుగుడులో ఒకే తట్టపై వందల చిరుపూలు ఉంటాయి. ఇక్కడ ప్రతి చిరుపువ్వుకూ సొంత ముళ్లగూడు ఉంది. ఆ గూళ్లన్నీ కలిస్తేనే బంతి. ఆకు తిప్పితే కింద తెల్లటి నూగు. ఎండకు నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. ముళ్లేమో మేకల నోటికి అడ్డు.

మన కుసుమ, యూరప్‌లోని సెంటారియాలు దీని తెగవే. శాస్త్రనామం ఎకినాప్స్ ఎకినేటస్. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాయగా 1832లో అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’ పుస్తకంలో ఈ పేరు ఉంది.

పసుపుపూల బలురక్కసినీ కొందరు బ్రహ్మదండి అంటారు. అది గసగసాల కుటుంబం, గింజలు విషం. పొరబడకండి.