గీత పడినా తుప్పు పట్టని జీఐ పైపు

బోరుబావి దగ్గర, మేడమీది నీళ్ల ట్యాంకు దగ్గర కనిపించే బూడిదరంగు జీఐ పైపుకు జింకును రంగులా పూశారని చాలామంది అనుకుంటారు. కానీ ఆ జింకు ఉక్కుపై పూసింది కాదు, ఉక్కుతో కలిసిపోయింది.

వెల్డింగ్ రాడ్డు లేని అతుకు

చుట్టలుగా వచ్చిన ఉక్కు రేకును పైపు చుట్టుకొలతకు తగిన వెడల్పుతో చీలుస్తారు. వరుస రోలర్ల మధ్య నడిచేకొద్దీ ఆ పట్టీ వంగి గొట్టమవుతుంది. అంచులు కలిసేచోట లక్షల హెర్ట్జ్ పౌనఃపున్యంతో విద్యుత్తు పంపుతారు. అంత పౌనఃపున్యంలో విద్యుత్తు లోహం లోపలికి చొరబడదు, ఉపరితలాన్నే అంటిపెట్టుకుని ప్రవహిస్తుంది. దీన్నే 'స్కిన్ ఎఫెక్ట్' అంటారు. అందువల్ల అంచులు మాత్రమే క్షణంలో కాలి మెత్తబడతాయి. రోలర్లు గట్టిగా నొక్కగానే అతుక్కుంటాయి. పైకి ఉబ్బిన లోహాన్ని చెక్కేసి, గొట్టాన్ని చల్లార్చి, ముక్కలుగా కోస్తారు. నీటి ఒత్తిడితో అతుకును పరీక్షిస్తారు.

జింకు స్నానం

గొట్టాలను ఆమ్లంలో ముంచి తుప్పును, పొలుసును వదిలిస్తారు. కడిగాక జింక్ అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. ఆ తర్వాత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ఉన్న జింకులో ముంచుతారు. అక్కడ ఇనుము, జింకు కలిసి మిశ్రమలోహపు పొరలు ఏర్పడతాయి. వాటిపైన దాదాపు స్వచ్ఛమైన జింకు నిలుస్తుంది. బయటికి తీస్తూ, గొట్టం లోపలికి ఆవిరి ఊది అదనపు జింకును తొలగిస్తారు. చదరపు మీటరుకు 400 గ్రాముల జింకు అంటే సుమారు 56 మైక్రాన్ల మందం.

ముందు జింకు, తర్వాతే ఇనుము

ఇనుము కంటే జింకు తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. గీత పడి ఉక్కు బయటపడినా, తడి తగిలితే ముందు చుట్టూ ఉన్న జింకే కరుగుతుంది. అయితే ఈ రక్షణ చిన్న గీతల వరకే. మర కోసినచోట జింకు పూర్తిగా పోతుంది కాబట్టి తుప్పు తరచూ జాయింటు దగ్గరే మొదలవుతుంది. బయటికి కనిపించే మరలపై జింకు పెయింటు వేయడం మంచిది.

జీఐ పైపును వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లని పొగ జింక్ ఆక్సైడ్. దాన్ని పీల్చినవారికి కొన్ని గంటల్లో చలిజ్వరం రావచ్చు. వెల్డింగ్ చేసేచోట జింకును ముందే తొలగించాలి, గాలి బాగా ఆడే చోటే పని చేయాలి.

కొనేటప్పుడు పైపుపై రంగు పట్టీ చూడండి: పసుపు తేలికరకం, నీలం మధ్యరకం, ఎరుపు బరువురకం. ఆ రంగు గోడ మందాన్ని మాత్రమే చెబుతుంది, జింకు నాణ్యతను కాదు.