నీళ్ళతో మండే పొయ్యి వస్తుందా?

ఇంటికి చుట్టాలొచ్చారు. పప్పు సగం ఉడికింది. సరిగ్గా అప్పుడే గ్యాస్ బండ ఖాళీ! ఈ అవస్థ పడని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో అయితే బండ రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, పెరట్లో పేర్చిన పత్తికట్టె మళ్ళీ వంటింట్లోకి వచ్చేస్తుంది. దాంతోపాటే పొగా, కళ్ళ మంటా! అందుకే "నీళ్ళలోంచి గ్యాస్ తీస్తారట, ఇక హైడ్రోజన్‌తోనే వంటట" అన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచొస్తుంది. మరి ఇందులో నిజమెంత? అది మన సంసారాలకు అందే ఖరీదేనా? కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేసి చూద్దాం.

హైడ్రోజన్ మనకు కొత్త కాదు

మీ ఇంట్లో ఎప్పుడైనా వనస్పతి వాడారా? నూనెలోకి హైడ్రోజన్ పంపి గట్టిపరిస్తేనే అది తయారవుతుంది. మీ పొలానికి వచ్చే యూరియా బస్తా సంగతీ అంతే. హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు, దాన్నుంచి యూరియా చేస్తారు. అయితే ఇన్నాళ్ళూ ఈ హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నారు. అలా ఒక కిలో తీస్తే తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అది లేకుండా, ఎండ నుంచో గాలి నుంచో వచ్చిన కరెంటుతో నీటిని విడగొట్టి తీసేదే హరిత హైడ్రోజన్.

నీళ్ళంటే బూడిదే!

ఇక్కడే చాలామంది పొరబడతారు. నీళ్ళు ఇంధనం కాదండీ. హైడ్రోజన్ కాలిపోతే మిగిలేదే నీరు. కట్టె కాలితే బూడిద మిగిలినట్టన్నమాట. బూడిదను మళ్ళీ కట్టెగా మార్చాలంటే ఊరికే అవుతుందా? ఆ కాలినప్పుడు వచ్చిన శక్తి అంతా తిరిగి పెట్టాలి, పైన ఇంకొంత తరుగు కూడా భరించాలి. ఆ శక్తి కరెంటు రూపంలో ఇవ్వాల్సిందే. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు, కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి.

ఒక బండ లెక్క

మన 14.2 కిలోల బండలో ఉన్నంత వేడి రావాలంటే దాదాపు ఐదున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. అంటే సుమారు 270 యూనిట్ల కరెంటు, 50 లీటర్ల నీళ్ళు. బిందెల్లో చెప్పాలంటే మూడు నాలుగు బిందెలు! యూనిట్ 6 రూపాయలనుకుంటే కరెంటుకే 1,620 రూపాయలు. పోనీ, యూనిట్ 3 రూపాయలకే దొరికిందనుకోండి, 810 రూపాయలు. ఇందులో యంత్రం ఖరీదు లేదు, గ్యాస్‌ను నింపే ఖర్చు లేదు, ఇంటికి చేర్చే ఖర్చు లేదు. మీరు బండకు కడుతున్న సొమ్ముతో మీరే పోల్చి చూసుకోండి.

ఇంకో చిత్రం చూడండి. అదే వంట ఇండక్షన్ పొయ్యి మీద చేస్తే 130, 140 యూనిట్లు చాలు. అంటే కరెంటును గ్యాస్ చేసి, ఆ గ్యాస్‌ను మళ్ళీ మండించడం రెట్టింపు ఖర్చు! గిన్నె మార్చిన కొద్దీ అంచుకు అంటుకుని నూనె తరిగిపోదూ? ఇదీ అంతే.

వంటింట్లో భద్రమేనా?

మన బండలో గ్యాస్ కాస్త ఒత్తిడికే ద్రవమై ఒదిగిపోతుంది. హైడ్రోజన్‌ను ద్రవం చేయాలంటే సున్నాకు కింద 253 డిగ్రీల చలి కావాలి. లేదంటే గాలి ఒత్తిడికి కొన్ని వందల రెట్లు అదిమి, బలమైన ప్రత్యేక సిలిండర్లలో నింపాలి. వంటగ్యాస్ లీకైతే వాసన పట్టేస్తాం, ఎందుకంటే ఆ వాసన కావాలని కలిపిందే. హైడ్రోజన్‌కు వాసనే లేదు. పగటి వెలుతురులో దాని మంట కూడా దాదాపు కనిపించదు. చిన్న సందు దొరికినా జారిపోతుంది.

అందుకే ప్రయోగాలు చేసేవాళ్ళు కూడా జాగ్రత్తగా అడుగేస్తున్నారు. గుజరాత్‌లో సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఇళ్ళకు 2023 జనవరి నుంచి పైపు గ్యాస్‌లో కొద్దిపాటి హైడ్రోజన్ మాత్రమే కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు.

మరి ఇంత హడావిడి ఎందుకు?

కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. మన రాష్ట్రంలోనే అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నులు తీయాలన్నది లక్ష్యం. ఇదంతా మన పొయ్యి కోసం కాదు. ఎరువులు, ఉక్కు, చమురు శుద్ధి, ఓడల ఇంధనం లాంటి వాటికి. కరెంటు తీగ వేసినంత మాత్రాన అక్కడ పని జరగదు, వాటికి హైడ్రోజనే కావాలి. రేపు మీ పొలానికి వచ్చే ఎరువు సహజవాయువు లేకుండా తయారైతే, అది మనకూ మేలే కదా!

ఇప్పుడు మనం చేయగలిగింది

* "నీళ్ళు పోస్తే చాలు, మండుతుంది" అంటూ పొయ్యో, స్కూటరు పరికరమో ఎవరైనా అమ్మజూపితే ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని యూనిట్లు?" జవాబు సూటిగా రాకపోతే డబ్బు తీయకండి.

* మన వైపు ఎండకు కొదవ లేదు. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌరపార్కు వచ్చింది ఈ ఎండను నమ్ముకునే. సొంత మిద్దె ఉంటే 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం గురించి కరెంటాఫీసులో అడగండి. మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది.

* బండ ఉండగానే చిన్న ఇండక్షన్ పొయ్యి ఒకటి తోడుగా పెట్టుకోండి. పప్పు నానబెట్టి కుక్కర్‌లో వండండి. ఏ ఇంధనమైనా ఆదా ఆదాయే.

హైడ్రోజన్ రానీయండి, ఫ్యాక్టరీల్లో దాని పని అది చేసుకుంటుంది. మన పప్పు ఉడకడానికి మాత్రం ఎండ నుంచి వచ్చిన కరెంటు నేరుగా పొయ్యికి చేరితేనే లాభం!