కొండపాదం మట్టికి దిక్కెవరు?

తొలకరి పడగానే పుట్టల మీద, కుళ్లిన మొద్దుల మీద పుట్టగొడుగులు లేస్తాయి. కూరకు తెచ్చుకుంటాం. పైకి కనిపించే ఆ గొడుగు చెట్టుకు కాయలాంటిది మాత్రమే. అసలు ఒళ్లంతా నేలలో సన్నటి దారాలుగా అల్లుకుని ఉంటుంది. గొడుగే ఎత్తని రకాలూ మట్టిలో లెక్కలేనన్ని. వీటన్నిటినీ శిలీంధ్రాలంటారు.

వీటి పనేమిటి? కొన్ని రాలిన ఆకునూ చచ్చిన కట్టెనూ కుళ్లబెట్టి, అందులోని సత్తువను తిరిగి నేలకు చేరుస్తాయి. కొన్ని చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుంటాయి. వేరుకు అందని చోటి నుంచి నీరు, భాస్వరం తెచ్చిస్తాయి. ఆకుల్లో తయారైన చక్కెరలో చెట్టు వాటికి వాటా ఇస్తుంది.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల తూర్పు వాలున యుంగాస్ అడవులున్నాయి. వాటి దక్షిణపు కొస అర్జెంటీనా వాయవ్యంలో ఉంది. అక్కడి మట్టిని వేర్వేరు ఎత్తుల్లో తీసి, అందులోని డి.ఎన్‌.ఎ.ను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2014లో ఫలితాలు ప్రకటించారు. కొండపాదం, నడికొండ, మబ్బులు కమ్మే పైకొండ, ఈ మూడు చోట్లా శిలీంధ్రాల వైవిధ్యం దాదాపు ఒకే స్థాయిలో ఉంది. కానీ రకాలు వేరు. వేళ్ల మీద తొడుగులా అల్లుకునేవి పైన, ముఖ్యంగా ఆల్డర్ చెట్ల కింద ఎక్కువ. కుళ్లబెట్టే రకాల్లో అనేకం కిందే ఎక్కువ.

ఇందులో కూలీనాలీ చేసుకునే మనకు పట్టేదేముంది? ఉంది. కొండపాదం చదునైన నేల. అందుకే భూస్వాముల కన్ను ముందు దానిమీదే పడింది. సాల్టా, హుహుయ్ రాష్ట్రాల్లో ఆ అడవిని కొట్టి చెరకు వేశారు; తర్వాత సోయా కూడా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో చెరకు నరకడానికి చాకో మైదానాల ఆదివాసులను, బొలీవియా పేదలను తోలుకొచ్చారు. ఆనక కోత యంత్రాలొచ్చి వాళ్ల పనిని మింగాయి. అడవీ పోయె, కూలీ పోయె!

అర్జెంటీనా 2007లో అడవుల చట్టం చేసింది. అడవులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు పెట్టి, ఆకుపచ్చ గుర్తున్న దాన్ని సాగుకు మార్చవచ్చంది. పైకొండ పచ్చగానే ఉందిగా అని సరిపెట్టుకుంటే కుదరదని ఆ మట్టే చెబుతోంది. పైనున్న అడవి కింద పోయినదానికి బదులు కాదు.

కాబట్టి ఎక్కడైనా సరే, అడవి ఇంత మిగిలిందని మొత్తం లెక్క చెబితే మనం తలూపకూడదు. ఏ ఎత్తున ఎంత మిగిలింది? పోయిన నేల ఎవరి చేతికి పోయింది? ఈ రెండూ కలిపే అడగాలి.