మళ్లీ మళ్లీ మూత్రం ఆగిపోయే పిల్లికి ఆపరేషన్ ఎప్పుడు?

మగపిల్లి లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, ఏమీ రాకపోతే లేచిపోతుంది. రెండు నిమిషాలకు మళ్లీ అదే వరస. చూసినవాళ్లలో చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదమో పాలో పట్టించి, తెల్లారేదాకా చూద్దామంటారు. అలా చూస్తూ కూర్చుంటే ప్రాణం పోవచ్చు. మూత్రం పూర్తిగా ఆగిపోయిన పిల్లికి ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో విషాలు పేరుకుంటాయి, పొటాషియం పెరిగిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. మూడో రోజు దాటి బతకడం కష్టం. నొప్పిగా ఉందేమోనని మన పారాసెటమాల్ ముక్క వేయడం ఇంకో ప్రమాదం, పిల్లికి అది విషం. అర్ధరాత్రైనా సరే వెట్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఇదంతా మొదటిసారి సంగతి. ఒకసారి గండం గడిచిన ఇంట్లో ఈ లక్షణాలు మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ నలిగే ప్రశ్న వేరు. రెండోసారో మూడోసారో కాథెటర్ వేసి పంపిస్తూ డాక్టర్ "ఆపరేషన్ గురించి ఆలోచించండి" అంటారు. పురుషాంగం తీసేస్తారట, మూత్రానికి కొత్త దారి పెడతారట అని వినగానే ఇంట్లో సగంమంది వద్దంటారు. మిగిలిన సగంమంది ఎంత ఖర్చయినా రేపే చేయించేద్దామంటారు. ఇద్దరిదీ తొందరే. ఎన్నిసార్లు ఆగిందన్న లెక్క ఒక్కటే చూస్తే తీర్పు తప్పుతుంది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నవి ముందు తేలాలి.

ఎక్కడ అన్నదానికి జవాబు మగపిల్లి శరీర నిర్మాణంలోనే ఉంది. మూత్రాశయం దగ్గర రెండు మిల్లీమీటర్లకు పైగా ఉండే మూత్రనాళం, కిందికి వస్తూ బల్బోయూరెత్రల్ గ్రంథుల దగ్గరికి 1.3 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. పురుషాంగంలోకి వచ్చేసరికి మిగిలేది సుమారు 0.7 మిల్లీమీటర్లు. అంటే చివరి కొద్ది దూరంలోనే దారి సగానికి కుంచించుకుపోతుంది. ఆడపిల్లికి నాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి దానికి మూత్రం మంట, రక్తం వచ్చినా పూర్తిగా ఆగిపోవడం అరుదు.

ఎందుకు అన్నది కాస్త చిక్కు. నాళంలో ఇరుక్కునేది కొన్నిసార్లు రాయి, కొన్నిసార్లు జిగురూ సన్నని స్ఫటికాలూ కలిసిన ముద్ద. ఒక్కోసారి ఏ అడ్డూ ఉండదు. మూత్రాశయం వాచి, నాళం బిగుసుకుపోయి మూత్రం ఆగుతుంది. ఈ వాపుకు బ్యాక్టీరియా కారణమనుకుని ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడటం మన దగ్గర మామూలైపోయింది. వయసులో ఉన్న పిల్లుల్లో ఇన్ఫెక్షన్ నిజానికి అరుదు. ఎక్కువ కేసుల్లో కారణం ఇదమిత్థంగా తేలదు. అందుకే పుస్తకాలు దానికి ఇడియోపతిక్ సిస్టైటిస్ అని పేరు పెట్టి ఊరుకున్నాయి.

రాళ్ల సంగతి కూడా ఒక్క తీరున లేదు. 1981లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జంతువుల మూత్రపు రాళ్లను పరీక్షించే కేంద్రం మొదలైన రోజుల్లో, పిల్లుల రాళ్లలో మూడు వంతులకు పైగా స్ట్రూవైట్ రాళ్లే. మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఆహారాలు మార్కెట్లోకి వచ్చాక అవి తగ్గాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. స్ట్రూవైట్‌ను డాక్టర్ రాసే ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరిగించవచ్చు. ఆక్సలేట్ ఏ తిండికీ కరగదు, మూత్రాశయాన్ని తెరిచి తీయాల్సిందే. ఆక్సలేట్ ముప్పు కాస్త ఎక్కువున్న జాతుల్లో పర్షియన్ ఒకటి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కొని పెంచే పిల్లుల్లో పర్షియన్లే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పడం. అందుకే రాయి బయటపడితే పారేయకుండా ల్యాబ్‌కు పంపమని అడగాలి.

ఇప్పుడు ఆ రెండోసారి, మూడోసారి లెక్క చూద్దాం. మూత్రం ఆగిన పిల్లిని టేబుల్ మీద పెట్టి పొట్ట కింద చెయ్యి వేస్తే, మూత్రాశయం గట్టి నిమ్మకాయలా చేతికి తగులుతుంది. ముందు సెలైన్ ఎక్కిస్తారు. పొటాషియం మరీ ఎక్కువుంటే గుండెను కాపాడేందుకు కాల్షియం గ్లూకోనేట్ ఇస్తారు. తర్వాత మత్తిచ్చి సన్నని కాథెటర్ పెట్టి, సిరంజితో సెలైన్ కొడుతూ అడ్డును వెనక్కి నెడతారు. కాథెటర్‌ను కుట్టేసి ఒకటి రెండు రోజులు సంచికి కలిపి ఉంచుతారు. అడ్డు తొలగాక కిడ్నీలు విపరీతంగా మూత్రాన్ని వదులుతాయి, ఆ మేరకు సెలైన్ ఎక్కిస్తూనే ఉండాలి. ఇంత చేసి పంపినా, అధ్యయనాన్ని బట్టి నూటికి పదిహేను నుంచి నలభై పిల్లులకు మళ్లీ ఆగుతుంది. ఆ మళ్లీ ఆగడం చాలావాటిలో మొదటి వారం పది రోజుల్లోనే కనిపిస్తుంది.

ఈ చివరి మాట ముఖ్యం. కాథెటర్ తీసిన రెండో రోజు మళ్లీ ఆగితే, నా దృష్టిలో అది రెండో జబ్బు కాదు. మొదటి వాపే ఇంకా తగ్గలేదు. ఇంకో రెండు రోజులు కాథెటర్ ఉంచి, నొప్పి తగ్గించి చూడటంలో అర్థముంది. తిండి మార్చి, ఇల్లు సర్ది, నాలుగు నెలలు బాగున్నాక ఆగితే, ఆ తర్వాత ఇంకోసారి ఆగితే అది వేరే కథ. ఆపరేషన్ మాట అక్కడ బరువెక్కుతుంది.

తిండి మార్చి, ఇల్లు సర్దడం అన్నాను కదా, దాన్ని మొక్కుబడిగా చేసి ఫలితం లేదనేవాళ్లే ఎక్కువ. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు. వెట్ ఫుడ్‌లో ముప్పాతికకు పైనే. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి, దాహం అంతగా తెలియదు, మూత్రాన్ని చిక్కబరచడంలో దిట్టలు. గిన్నెలో నీళ్లు పెట్టి తాగమంటే తాగవు. తిండితోనే నీళ్లు లోపలికి పంపాలి. ఉడికించిన చికెన్ నీళ్లు, అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా, తిండిలో కలపడం మన ఇళ్లలో తేలికైన పని. అయితే ఉత్త చికెన్‌తోనే పిల్లిని పెంచితే పోషకాలు చాలవు.

ఇల్లు సర్దడం అంటే పిల్లికి బెదురు తగ్గించడం. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ పెట్టాలి. దాక్కునే చోటు, ఎత్తున ఎక్కి కూర్చునే చోటు ఉండాలి. పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, పండక్కి నిండిన చుట్టాలు, కొత్తగా తెచ్చిన రెండో పిల్లి... ఇవన్నీ దాని మూత్రాశయానికి తెలుస్తాయి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పరిసరాలు మార్చాక ఇలాంటి పిల్లుల బాధలు బాగా తగ్గాయి. పోల్చి చూసేందుకు వేరే గుంపు లేని అధ్యయనమే, కానీ ఖర్చులేని పనికి అంత రుజువు చాలు.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే పెరీనియల్ యూరెత్రాస్టమీ, వెట్‌ల నోట పీయూ సర్జరీ. విల్సన్, హారిసన్ 1971లో వివరించిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువగా అనుసరిస్తారు. పూర్తి మత్తులో పిల్లిని బోర్లా పడుకోబెట్టి, తోకను వీపు మీదికి తిప్పి కడతారు. వృషణాల తిత్తి చుట్టూ కోసి, పురుషాంగాన్ని కటి ఎముకకు పట్టి ఉంచే కండరాలను తెంచి, దాన్ని వెనక్కి లాగగలిగేలా వదులు చేస్తారు. నాళాన్ని పొడవునా చీల్చుకుంటూ బల్బోయూరెత్రల్ గ్రంథుల దాకా వెళతారు. దారి చాలినంత వెడల్పయిందో లేదో చూడటానికి సర్జన్ మూసిన చిన్న ఫోర్సెప్స్‌ను లోపలికి పోనిస్తారు. దాని కీలు దాకా సులువుగా దిగితే సరిపోయినట్టు. అక్కడి లోపలి పొరను సన్నని దారంతో చర్మానికి కుడతారు, మిగిలిన ఇరుకు భాగాన్ని తీసేస్తారు. గ్రంథుల దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపేస్తే ఆ రంధ్రం తర్వాత బిగుసుకుపోతుంది. విఫలమైన కేసుల్లో తరచూ కనిపించే కారణం ఇదే. కాబట్టి సర్జన్‌ను మొహమాటపడకుండా అడగాలి: "డాక్టర్ గారూ, ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు?"

ఇంకో ప్రశ్న కూడా డాక్టర్లు తరచూ వింటారు. "వాడిని ఆడపిల్లిని చేసేస్తారా డాక్టర్ గారూ?" న్యూటరింగ్ అయిన పిల్లికి ఆ అవయవంతో మిగిలింది మూత్రం పోయడమే. న్యూటరింగ్ కాకపోతే ఇదే ఆపరేషన్‌లో అదీ చేసేస్తారు. ఆ దిగులంతా మనుషులది, పిల్లికి లేదు.

పిల్లికి మిగిలే ఇబ్బందులు వేరు. ఇరుకు దారి బ్యాక్టీరియాను పైకి రానివ్వని కాపలా కూడా. అది పోయాక కొన్ని పిల్లులకు మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి, అప్పుడప్పుడూ యూరిన్ కల్చర్ చేయించాలి. కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్న ముసలి పిల్లికి ఈ ముప్పును గట్టిగా తూచి చూడాలి. పైగా ఆపరేషన్ దారిని వెడల్పు చేస్తుందే తప్ప జబ్బును తీసేయదు. వాపు తిరగబెడితే పిల్లి మళ్లీ ట్రే చుట్టూ తిరుగుతుంది, రక్తం పడుతుంది. రాళ్లు పుట్టే ఒంట్లో రాళ్లు పుడుతూనే ఉంటాయి. ఆ తిండి, ఆ నీళ్లు, ఆ ట్రేలు జన్మంతా తప్పవు. ఇది ముందే చెప్పకపోవడం వల్లే తర్వాత గొడవలు.

కాబట్టి కోయడానికి ముందు ఎక్స్‌రే తప్పనిసరి, వీలైతే నాళంలోకి మందు ఎక్కించి తీసేది. అడ్డు పురుషాంగం కంటే పైన ఉంటే ఈ ఆపరేషన్ దండగ. మూత్రాశయంలో రాళ్లుంటే వాటిని తీయకుండా కింద దారి పెట్టి లాభం లేదు. అడ్డు కింది ఇరుకులోనే ఉండి, నెలల తేడాతో రెండు మూడుసార్లు ఆగి, ఇంటి జాగ్రత్తలు నిజంగా పాటించి ఉంటే, నాలుగోసారి దాకా ఆగడం నాకు సమ్మతం కాదు. ప్రతి కాథెటర్ నాళాన్ని ఎంతోకొంత గీరుతుంది, మచ్చ పడితే అదే కొత్త అడ్డు. అర్ధరాత్రి కొనఊపిరితో వచ్చిన పిల్లికి చేసేకంటే, కాథెటర్‌తో గట్టెక్కి, రక్త పరీక్షలు మామూలైన పిల్లికి పగటిపూట చేయడం ఎంతో మేలు. నాళం చిరిగిపోయినా, కాథెటర్ అసలు ఎక్కకపోయినా మాత్రం ఎంచుకునే వీలుండదు.

ఖర్చు కూడా మాట్లాడుకోవాలి. ఒక్కో కాథెటర్ చేరికకూ అయ్యే బిల్లులు కూడితే, మూడోసారికి ఆపరేషన్ ఖర్చు దరిదాపుల్లోకి రావచ్చు. ప్రైవేటులో భరించలేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీలోనో, తిరుపతి, గన్నవరం కాలేజీల్లోనో కనుక్కోవచ్చు. అదీ కుదరక, అత్యవసరానికి పరుగెత్తే వీలూ లేని ఇంట్లో, బాధ లేకుండా పిల్లిని సాగనంపమనే మాట డాక్టరే ఎత్తవచ్చు. ఆ మాట అన్నారని డాక్టర్ మీద కోపం పెట్టుకోనక్కర్లేదు. మూత్రం ఆగి ఇంట్లో చావడం దానికంటే చాలా ఘోరం.

ఆపరేషన్ అయ్యాక కుట్లు మానే పది పధ్నాలుగు రోజులూ మెడకు కాలర్ ఉండాల్సిందే. జాలిపడి తీశారో, గరుకు నాలుకతో నాకి కుట్లు ఊడదీసుకుంటుంది, మానేటప్పుడు రంధ్రం ముడుచుకుపోతుంది. మట్టి లిట్టర్ గింజలు గాయానికి అంటుకుంటాయి కనుక ట్రేలో చింపిన న్యూస్‌పేపర్ వేయాలి. ఎండిన రక్తాన్ని గిల్లి శుభ్రం చేయకూడదు. కొద్దిగా రక్తం పడటం, మొదట్లో అక్కడక్కడా చుక్కలు కారడం మామూలే. తొడల మధ్య నల్లగా కమిలి వాస్తే మూత్రం చర్మం కిందికి కారుతోందని అనుమానించాలి. ఆ తర్వాత నెలల్లో కూడా పిల్లి మూత్రం పోసేటప్పుడు అప్పుడప్పుడూ ఓ కన్నేసి ఉంచాలి. ధార సన్నబడితే ఆ రోజే తీసుకెళ్లాలి.