పిండి ఒకటే, పెనాలు వేరు

మొన్న మా ఆడపడుచు మా ఇంటికొచ్చి, "ఏం వదినా, నువ్వు చెప్పిన ఎక్స్‌టెన్షనే మా కంప్యూటర్లోనూ పెట్టాను. మీ ఇంట్లో వంటల పేజీ తెరిస్తే ఒక్క ప్రకటనా రాదు. మా ఇంట్లో గుత్తివంకాయ కూర గురించి చదవబోతే చీరెలూ, నగలూ వచ్చి అడ్డం నిలబడుతున్నాయి. ఇదేం విడ్డూరం?" అని అడిగింది.

ఈ సందేహం మీలో కొందరికి వచ్చే ఉంటుంది. ఇంటర్నెట్ పేజీలను తెరిచి చూపించేది బ్రౌజరు. దానికి మనం తగిలించుకునే చిన్న పనిముట్టు ఎక్స్‌టెన్షన్. ప్రకటనలను ఆపేవి కొన్ని, పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునేవి కొన్ని.

పిండి ఒకటే అయినా పెనం మారితే అట్టు మారుతుంది గదా! బ్రౌజర్లూ అంతే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ ఈ మూడూ క్రోమియం అనే ఒకే పునాది మీద తయారైనవి. ఫైర్‌ఫాక్స్‌ లోపలి యంత్రం గెకో, సఫారీది వెబ్‌కిట్. ఎక్స్‌టెన్షన్ ఎంతవరకు చెయ్యవచ్చో నిర్ణయించేది బ్రౌజరే.

ఒక ఉదాహరణ చెబుతాను. పాత పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ వచ్చేపోయేవాటిని తానే చూసి, అక్కరలేనివాటిని అక్కడికక్కడే ఆపేది. మానిఫెస్ట్ వి3 అనే కొత్త నిబంధనల ప్రకారం క్రోమ్‌లో, ఆపవలసినవాటి జాబితాను ముందుగానే బ్రౌజరుకు అప్పగించాలి. ఆపడం బ్రౌజరు పని. అందువల్ల 2024, 2025 సంవత్సరాల్లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ క్రోమ్‌లో ఆగిపోయి, లైట్ అనే తేలికరకం మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పూర్తిరూపమే పనిచేస్తోంది.

అనుమతుల్లోనూ తేడాలున్నాయి. సఫారీ ఏయే సైట్లలో పనిచెయ్యనివ్వాలో మనల్నే అడుగుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌ల ప్రైవేటు కిటికీలో మనం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు.

ఇక మా ఆడపడుచు సంగతి. ఆమె విసుగెత్తి, అలాంటి పేరే ఉన్న ఇంకో ఎక్స్‌టెన్షన్ పెట్టబోయిందట. "అన్ని వెబ్‌సైట్లలోని మీ సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి" అనుమతి కావాలని అది అడిగింది. ఆమె బ్యాంకు ఖాతా చూసుకునేదీ ఆ బ్రౌజర్లోనే! ప్రకటనలు ఆపేవాటికి ఆ అనుమతి అవసరమే కావచ్చు. అయినా ఊరూ పేరూ తెలియనివాళ్ళకు బీరువా తాళాలు ఇస్తామా?

ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, మొదటి ఎక్స్‌టెన్షన్‌కు "నొక్కినప్పుడు మాత్రమే" అనే అనుమతి ఉంది. దాన్ని మార్చగానే చీరెలూ, నగలూ మాయమయ్యాయి.

కాబట్టి ఎక్స్‌టెన్షన్ మొరాయిస్తే కంగారుపడి కొత్తది తెచ్చుకోకండి. ముందు దాని అనుమతులు చూడండి. ఆ బ్రౌజరుకు వచ్చే రకం ఏదో తెలుసుకోండి. కొత్తది పెట్టవలసే వస్తే తయారుచేసినవారి పేరు సరిచూసుకోండి. వాడనివాటిని తీసెయ్యండి. ఒక బ్రౌజర్లో కాపలా ఉంది గదా అని రెండోదాన్లో ధీమాగా కూర్చోవద్దు. ఏ ఇంటి తలుపు ఆ ఇంటికే వేసుకోవాలి.