పలాస నుంచి పశుపతి దాకా: దారి ఒకటి, డబ్బులు రెండు

పూండి స్టేషనులో పాసింజరు ఎక్కితే దక్షిణాన నౌపడా దగ్గరే. అక్కడ గుణుపురం బండి పట్టుకుంటే టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరిపోవచ్చు. అప్పటికే ఆంధ్ర దాటి ఒడిశాలో అడుగు పెట్టేసినట్టే, కానీ ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లేవాళ్లూ అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రెండు వైపులా గంజాం జిల్లాయే. తర్వాత గీత పడింది గానీ జేబులో రూపాయి మారలేదు.

జేబులో డబ్బు మారే సరిహద్దు చూడాలంటే పలాస చుట్టుపక్కల ఉద్దానం మనిషికి విమానం అక్కర్లేదు. పలాసలో రైలెక్కి, మరో రైలు మారి, రిక్షాలోనో నడిచో దాటగలిగేది నేపాల్ సరిహద్దు. కాశీ, గయ చూసుకుని అటు నుంచి అటే పశుపతినాథ్‌కు, ముక్తినాథ్‌కు వెళ్లే తెలుగు యాత్రికులు చాలామందే ఉన్నారు. వైష్ణవులు చెప్పుకునే నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామం పేరుతో లెక్కించేది ముక్తినాథ్‌నే.

పలాస నుంచి సూటి దారి హౌరా మీదుగా. హైదరాబాద్ నుంచి వచ్చే ఫలక్‌నుమా పలాసలో ఆగుతుంది. హౌరాలో దిగి రక్సౌల్ వెళ్లే మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. రెండు బండ్ల వేళలు కుదరకపోతే కోల్‌కతాలో ఒక రాత్రి ఆగాలి. రక్సౌల్ బిహార్‌లో చిట్టచివరి ఊరు. స్టేషను బయట గుర్రపు బగ్గీలు, ఈ-రిక్షాలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో వంతెన దాటి శంకరాచార్య ద్వారం కిందుగా వెళితే అవతల నేపాల్ పట్టణం బీర్‌గంజ్.

వీసా లేదు. 1950 జూలై 31న రెండు దేశాలూ చేసుకున్న శాంతి, మైత్రి ఒప్పందం పుణ్యమా అని భారతీయులు నేపాల్‌కు, నేపాలీలు ఇక్కడికి స్వేచ్ఛగా వచ్చి పోవచ్చు. నేల మీద దాటేవారికి పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు, గుర్తింపు పత్రం ఉంటే చాలు. సశస్త్ర సీమా బల్ జవాన్లు సంచులు తెరిచి చూస్తారు, కార్డు అడుగుతారు. ఆధార్ ఉందిగా అని ధీమాగా వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేపాల్ ప్రయాణానికి ఆధార్ కార్డు పదిహేనేళ్ల లోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన పెద్దలకు చెల్లుతుందని కేంద్ర హోం శాఖ 2019లో ప్రకటించింది. మధ్య వయసువారు ఓటరు కార్డో పాస్‌పోర్టో పెట్టుకోవడమే మేలు.

అంటే సరిహద్దు దాటడం పెద్ద పని కాదు. సరిహద్దు ఉందని తెలిసేది మొదటి టీకి డబ్బులిచ్చినప్పుడు.

బీర్‌గంజ్ దుకాణాల్లో ధర చెప్పాక వెంటనే మరో మాట వినిపిస్తుంది: ఐసీ, లేదా ఎన్‌సీ. ఐసీ అంటే భారతీయ రూపాయి, ఎన్‌సీ అంటే నేపాలీ రూపాయి. రెండూ రూపాయలే కనుక ఏదో అడిగి తేల్చుకోకపోతే ఎక్కువ ఇచ్చేస్తాం. మన వంద రూపాయలకు వారి నూట అరవై. ఈ లెక్క 1993 నుంచి మారలేదు. నేపాల్ రాష్ట్ర బ్యాంకు తన రూపాయిని మన రూపాయికి కట్టేసింది. డాలరుతో మన రూపాయి పడితే అదీ పడుతుంది, లేస్తే అదీ లేస్తుంది. రోజూ పేపర్లో మారకం రేటు చూసుకునే పని లేదు.

నోటి లెక్కకు తేలిక దారి ఒకటుంది. ఎన్‌సీలో చెప్పిన ధరను సగం చేసి, ఆ సగంలో నాలుగో వంతు కలిపితే మన రూపాయల్లో ధర వచ్చేస్తుంది. భోజనం ఎనిమిది వందల ఎన్‌సీ అంటే, నాలుగు వందలకు వంద కలిపి అయిదు వందలన్నమాట. కొందరు వ్యాపారులు వందకు నూట యాభయ్యే లెక్క కడతారు. చిన్న కొనుగోలుకు పట్టించుకోకపోయినా హోటలు గదికి మాత్రం ముందే మాట్లాడుకోవాలి.

ఏ నోట్లు తీసుకెళ్లాలన్నదే అసలు చిక్కు. 2016లో మన పెద్ద నోట్లు రద్దయినప్పుడు నేపాల్ బ్యాంకుల్లోనూ, ఇళ్లలోనూ ఉన్న పాత నోట్లు అలాగే చిక్కుబడిపోయాయి. ఆ చేదు తర్వాత 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వందకు మించిన భారతీయ నోట్లను నిషేధించింది. మన ఏటీఎం ఇచ్చిన అయిదు వందల నోట్లతోనే సరిహద్దుకు వెళ్లిన యాత్రికులు ఎంతో ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాత నిబంధనలు సడలే దిశగా కదిలాయి. వంద నోటుకు మాత్రం ఎప్పుడూ అడ్డు రాలేదు. అందుకే వంద నోట్లు, అదీ చిరగనివి, పలాసలోనే బ్యాంకులో మార్చుకుని బయలుదేరడం తెలివైన పని. పెద్ద నోట్లు తీసుకెళ్లాలనుకునేవారు అప్పటి నిబంధన కనుక్కోవాలి.

ఫోను కూడా పనికొస్తుంది. 2024 మార్చి నుంచి నేపాల్‌లో ఫోన్‌పే అనే సంస్థ క్యూఆర్ కోడ్‌ను మన యూపీఐతో స్కాన్ చేసి చెల్లించే వీలు వచ్చింది. పేరు ఒకేలా వినిపించినా ఆ నేపాలీ ఫోన్‌పే వేరు, మన ఫోన్‌పే వేరు. అయితే రోమింగ్ వేయించుకోకపోతే మన సిమ్ అక్కడ పలకదు. నెట్ లేకపోతే యూపీఐ లేదు. బీర్‌గంజ్‌లో దిగగానే రిక్షావాడికి ఇవ్వాల్సింది చేతి డబ్బే.

బీర్‌గంజ్ నుంచి కాఠ్‌మాండూకు బస్సులున్నాయి, సుమోలున్నాయి. బస్సు చుట్టూ తిరిగి రోజంతా తీసుకుంటుంది. సుమో కొండదారుల్లో తొందరగా చేరుస్తుంది గానీ ఒళ్లు హూనమవుతుంది. బస్సు టికెట్టు మీద తేదీ విక్రమ సంవత్సరంలో ఉంటుంది. మన ఏడాదికి యాభై ఆరో యాభై ఏడో కలిపిన అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. అంకెలు దేవనాగరిలో ఉంటాయి కనుక, చదవడం రానివారు బస్సు నంబరు కండక్టరును అడిగి పోల్చుకోవాలి. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి, లేకపోతే పొద్దున్న బస్సు వెళ్లిపోతుంది. శనివారం అక్కడ వారాంతపు సెలవు, బ్యాంకులు తెరవరు.

రైల్లోనే సరిహద్దు దాటాలనుకునేవారికి ఇంకో దారి ఉంది. కోల్‌కతా సియాల్దా నుంచి గంగాసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో బిహార్‌లోని జయనగర్ చేరితే, అక్కడ నేపాల్ రైలు సిద్ధం. జయనగర్ నుంచి కుర్తా దాకా ముప్పై అయిదు కిలోమీటర్ల ఈ లైనును 2022 ఏప్రిల్ 2న రెండు దేశాల ప్రధానులూ ప్రారంభించారు. మధ్యలోనే జనక్‌పుర్, సీతమ్మ పుట్టిల్లు.

సరిహద్దు, డబ్బు కలిసి చేసే చేటు ఉద్దానానికి కొత్త కాదు. తాతల కాలంలో బారువ, కళింగపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లిన కుటుంబాలు ఈ తీరంలో ఎన్నో. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అక్కడా రూపాయే, రంగంలో కూడబెట్టింది ఇంటికొచ్చి నేరుగా ఖర్చు పెట్టుకునేవారు. విడిపోయాక సైతం 1947 దాకా, యుద్ధకాలం మినహా, బర్మా డబ్బు వ్యవహారం చూసింది మన రిజర్వు బ్యాంకే. 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చిన తెలుగు కూలీలకు ఆ సరిహద్దు ప్రాణం మీదికి తెచ్చింది. 1964 మే నెలలో బర్మా ప్రభుత్వం యాభై, వంద క్యాట్ల నోట్లను రద్దు చేసేసరికి, మిగిలినవారి పొదుపు రాత్రికి రాత్రే కాగితమైంది. ఆ తర్వాత వచ్చినవారి పేరుతోనే విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది.

నేపాల్ యాత్రలో అంత ప్రమాదం లేదు. తిరుగు ప్రయాణంలో జరిగే చిన్న నష్టమే ఎక్కువ. మిగిలిన నేపాలీ నోట్లు సరిహద్దు ఊళ్లు దాటితే చెల్లవు. హౌరాలో అడిగేవాడుండడు, పలాసలో అసలే ఉండడు. కాఠ్‌మాండూలో బయలుదేరే ముందే ఎంత మిగిలిందో చూసుకుని, బీర్‌గంజ్‌లో మందులకో ప్రసాదానికో ఖర్చు చేయండి, లేదా అక్కడి మారకం కౌంటరులో మన రూపాయలుగా మార్చుకోండి. రక్సౌల్ నుంచి ఇంటికి రావడానికి సరిపడా వంద నోట్లు మాత్రం మొదటి రోజు నుంచే వేరే సంచిలో దాచుకోండి.